కడుపునొప్పి వెనుక దాగిన భయం: పాఠశాల నర్సు చేయగల సహాయం

(పాఠశాలలలోను, వసతి గృహాలలోను పనిచేస్తున్న నర్సుల కొరకు ఏర్పాటు చేసిన ఒకరోజు శిక్షణా సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్యం అనగానే అది పెద్ద డాక్టర్ల వ్యవహారమనీ, మనకు సంబంధించినది కాదనీ మనలో చాలామంది అనుకుంటాం. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. అందుకే ఈ రోజు పుస్తకాల్లోని మాటలకంటే ముందుగా నా పాత సిక్ రూము రిజిష్టరు గురించి చెబుతాను.

నర్సింగు పూర్తి చేసిన కొత్తలో నేను ఒక బాలికల వసతి పాఠశాలలో పనిచేశాను. ఏడవ తరగతి అమ్మాయి ఒకతె తరచుగా కడుపునొప్పి అంటూ వచ్చేది. పొట్ట నొక్కి చూసేదాన్ని, జ్వరం చూసేదాన్ని. ఏమీ కనిపించేది కాదు. గ్యాస్ బిళ్ళ ఒకటి ఇచ్చి, "కాసేపు పడుకో తల్లీ" అనేదాన్ని. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేసరికి నొప్పి పోయేది. తోటి పిల్లలు "అన్నీ నాటకాలు సిస్టర్" అనేవారు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉండేది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన ఆ పిల్ల మళ్ళీ రాలేదు. చదువు మాన్పించారని తరువాత తెలిసింది.

మరుసటి ఏడాది మందుల స్టాకు లెక్క కోసం పాత రిజిష్టరు తిరగేస్తున్నాను. ఆ అమ్మాయి పేరు పదకొండు చోట్ల కనిపించింది. అందులో తొమ్మిది సార్లు మంగళవారమే, అదీ రెండవ పీరియడుకు ముందే. మంగళవారం రెండవ పీరియడులో లెక్కల స్లిప్ టెస్టు. మార్కులు తగ్గినవారిని బోర్డు దగ్గర నిలబెట్టేవారు. ఆ పిల్ల కడుపునొప్పికి కారణం నా చేతిరాతలోనే, తేదీ టైముతో సహా రాసి ఉంది. రాసిన నేను దానిని ఒక్కసారి కూడా చదవలేదు.

సిస్టర్లారా, ఆ తప్పు మీ చేతుల మీదుగా జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

భయం శరీరంలో ఏం చేస్తుంది?

ముందుగా ఒక్క సంగతి మనం గట్టిగా నమ్మాలి. ఆందోళన వలన వచ్చే నొప్పి నిజమైన నొప్పే. పిల్ల అబద్ధమాడడం లేదు.

దారిలో పాము కనబడితే మన శరీరం మనల్ని అడగకుండానే సిద్ధమైపోతుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి త్వరత్వరగా తీస్తాం, రక్తం కాళ్ళూ చేతుల పెద్ద కండరాలవైపు మళ్ళుతుంది, జీర్ణకోశం పని మందగిస్తుంది. పారిపోవడానికో, ఎదిరించడానికో దేవుడిచ్చిన ఏర్పాటు ఇది. అయితే లెక్కల పరీక్షను చూసి కూడా శరీరం ఇలాగే సిద్ధమైతే ఏమవుతుంది? పారిపోవడానికి దారి లేదు, ఎదిరించడానికి శత్రువు లేడు. బెంచీ మీద కూర్చున్న పిల్లకు గుండె దడ, కడుపులో తిప్పడం, నోరెండిపోవడం, అరచేతుల్లో చెమట మాత్రం మిగులుతాయి. ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి. "నాకేదో అయిపోతోంది" అని పిల్ల ఇంకా భయపడుతుంది. ఆ భయం వలన ఊపిరి ఇంకా వేగమవుతుంది.

పరీక్షకు ముందు కాస్త గాభరా అందరికీ ఉంటుంది. అది ఉండాలి కూడా, లేకపోతే పుస్తకం తెరవరు. ఆ గాభరా పరీక్ష అయిపోయినా పోకపోవడం, వారాల తరబడి నిద్రను, తిండిని, చదువును, స్నేహాలను చెడగొట్టడం జరిగితే అప్పుడు అది పట్టించుకోవలసిన సమస్య. ఇదేమీ అరుదైనది కాదు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. దేశవ్యాప్తంగా 3 లక్షల 79 వేల మందికి పైగా విద్యార్థులను ప్రశ్నించినప్పుడు, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని నూటికి 81 మంది చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుండి 19 ఏళ్ళ వయసు వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది.

చదువు ఒక్కటే కాదు. ఇంటి మీద బెంగ, తల్లిదండ్రుల గొడవలు, అప్పుల ఊసు, తోటివారి వెక్కిరింత, నెలసరి సమయంలో బట్టలకు మరక అవుతుందేమోనన్న భయం, తెలుగు మీడియం నుండి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడిన కంగారు, ఇవన్నీ సిక్ రూము గుమ్మం దాకా వచ్చేసరికి "తలనొప్పి సిస్టర్" అనే రెండు ముక్కలవుతాయి. మగపిల్లలైతే అదీ చెప్పరు. కసురుకుంటారు, కొట్లాడతారు, బడి ఎగ్గొడతారు.

ముందు ఒంటిని చూడండి

ఆందోళన గురించి తెలిసింది కదా అని ప్రతి నొప్పినీ భయం ఖాతాలో వేయకండి. జ్వరం, నాడి, ఊపిరి వేగం, కనురెప్ప లోపల పాలిపోవడం చూడాలి. ఉదయం ఏమి తిన్నదో అడగాలి. రక్తహీనత వలన కూడా గుండె దడ, ఆయాసం వస్తాయి. ఉబ్బసం, మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్, అపెండిక్స్ నొప్పి, ఫిట్స్, వీటిని మరువకూడదు. నొప్పికి నిద్రలో మెలకువ వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఆటలాడుతూ స్పృహ తప్పినా డాక్టరు చూసి తీరవలసిందే.

పరీక్షించాక ఏమీ లేదని తేలితే "నీకేం లేదు, పో" అనవద్దు. ఆ మాట పిల్లకు "నువ్వు అబద్ధమాడావు" అన్నట్లు వినిపిస్తుంది. "నొప్పి నిజమే తల్లీ. ప్రమాదమైన జబ్బు మాత్రం కనిపించలేదు. మరి ఎందుకొస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. ఈ మూడు మాటలకు ఖర్చు లేదు, స్టాకు రిజిష్టరులో రాయనక్కరలేదు. కానీ మీ మందుల పెట్టెలోని ఏ బిళ్ళకంటే ఇవి తక్కువేమీ కాదు.

మొదటి పది నిమిషాలు

పిల్ల వణుకుతూ, ఊపిరాడడం లేదంటూ వచ్చిందనుకోండి. ఈ వరుసలో చేయండి.

1. చుట్టూ మూగినవారిని పంపించివేయండి. ఒక స్నేహితురాలు ఉంటే చాలు. మీరు నిలబడి మాట్లాడకుండా పక్కన కూర్చోండి. మీ గొంతు తగ్గితే ఆమె గొంతూ తగ్గుతుంది.

2. "ఇది భయం వలన వచ్చే దడ. నీ ప్రాణానికేమీ కాదు. కాసేపటిలో తగ్గుతుంది. తగ్గేదాకా నేనిక్కడే ఉంటాను" అని చెప్పండి. ఉబ్బసం కాదని, ఛాతీలో ఇతర సమస్య లేదని చూసుకున్న తరువాతే ఈ మాట అనాలి.

3. ఆమె చేతిని ఆమె పొట్ట మీద పెట్టించండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ, వేడి పాలు ఊదినట్లు నోటితో వదలాలి. తీసుకునే దానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. మీరూ కలిసి చేయండి. మూడు, నాలుగు నిమిషాలు చాలు. మూతికి కాగితం సంచి పెట్టే పాత పద్ధతి వద్దు, అది ప్రమాదం.

4. ఇంకా గాభరా ఉంటే కళ్ళు తెరిపించి, కనిపించే అయిదు వస్తువులు చెప్పమనండి. ఫ్యాను, కిటికీ, కాలెండరు, ఏదైనా సరే. తరువాత చేతికి తగిలే నాలుగు, చెవికి వినిపించే మూడు. జరగబోయే దాని చుట్టూ తిరుగుతున్న మనసు ఉన్న గదిలోకి తిరిగి వస్తుంది.

5. కొంచెం మంచినీళ్ళివ్వండి. ఉదయం తినకపోతే అరటిపండో, రెండు బిస్కెట్లో పెట్టండి. "గ్లూకోజు ఎక్కించండి, బలం వస్తుంది" అని వార్డెనో, తల్లిదండ్రులో అడగవచ్చు. అవసరం లేని సెలైను వలన పిల్లకు నేర్పేది ఒక్కటే, తన ఒంట్లో ఏదో పెద్ద జబ్బు ఉందని.

దడ తగ్గిన తరువాతే ప్రశ్నలు. "ఎందుకు భయం?" అంటే ఏ పిల్లా చెప్పలేదు. "క్లాసుకు వెళితే ఏం జరుగుతుందని అనిపిస్తోంది?" అని అడగండి. "నిలబెడతారు, అందరూ నవ్వుతారు" అని చెబుతుంది. అక్కడితో సగం దారి నడిచినట్లే.

సిక్ రూము దాక్కునే చోటు కాకూడదు

ఇది ఈ రోజు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. భయపడే పిల్లను చూస్తే మనకు జాలి కలుగుతుంది. మధ్యాహ్నం దాకా పడుకోబెడతాం, లేదా ఇంటికి ఫోను చేసి తీసుకువెళ్ళమంటాం. పిల్లకు ఆ క్షణానే హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి ఆమెకు ఒక పాఠం నేర్పుతుంది: "తప్పించుకున్నాను కాబట్టి బతికాను." మరుసటి వారం భయం ఇంకా పెరుగుతుంది. నేను ఆ ఏడవ తరగతి అమ్మాయికి ఇచ్చిన మంచం పదకొండు సార్లు ఆ పాఠమే నేర్పింది. కసిరి పంపినా నష్టమే, దాచి ఉంచినా నష్టమే.

మరి ఏమి చేయాలి? భయాన్ని మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు మనం తోడుండి ఎక్కించాలి. క్లాసులో లేచి ఇంగ్లీషు పాఠం చదవడానికి హడలిపోయే పిల్లాడు ఉన్నాడనుకోండి. మొదట మీ దగ్గర నాలుగు వాక్యాలు చదవనివ్వండి. రెండు రోజులయ్యాక స్నేహితుడి ముందు. తరువాత స్టాఫ్ రూములో టీచరు ఒక్కరి ముందు. ఆ తరువాత క్లాసులో కూర్చున్నచోటనే రెండు వాక్యాలు. చివరికి లేచి నిలబడి. ప్రతి మెట్టు దగ్గరా కొంచెం దడ వస్తుంది. దడ వచ్చినా ఆగి నిలబడితే అదే తగ్గుతుందని వాడు స్వయంగా తెలుసుకోవాలి. ఒక మెట్టు కష్టమైతే కింది మెట్టు మీద ఇంకో రెండు రోజులు ఉండనివ్వండి. మెట్టు దిగి పారిపోనివ్వవద్దు.

సిక్ రూములో ఎంతసేపు ఉండాలో ముందే చెప్పండి. పదిహేను, ఇరవై నిమిషాలు. "గడియారంలో పెద్ద ముల్లు ఆరు మీదకు రాగానే ఇద్దరం కలిసి క్లాసుకు వెళదాం" అని, నిజంగా కలిసి వెళ్ళండి. గుమ్మం దాకా మీరు నడిచిన ఆ కొద్ది దూరమే వైద్యం. పిల్ల ఎవరి వలననైనా హింస పడుతున్నట్లు తెలిస్తే మాత్రం ఈ పద్ధతి వర్తించదు. అక్కడ పిల్లను అలవాటు పడమనకూడదు, హింసను ఆపించాలి.

రిజిష్టరును చదవండి

పేరు, బాధ, ఇచ్చిన మందుతో పాటు మరి నాలుగు గళ్ళు గీయండి: వారం, పీరియడు, ఉదయం తిన్నదా లేదా, ఎన్ని నిమిషాలకు క్లాసుకు తిరిగి వెళ్ళింది. ప్రతి శనివారం పది నిమిషాలు కూర్చొని నెలరోజుల పేజీలు తిరగేయండి. నెలలో మూడుసార్లకు మించి వచ్చిన పేరు కింద గీత గీయండి. ఆ పిల్లను మీరే పిలిచి మాట్లాడండి. ఒకే క్లాసు నుండి, ఒకే పీరియడుకు నలుగురైదుగురు వస్తున్నారంటే సమస్య పిల్లల్లో కాదు, ఆ గదిలో ఉంది. ఆ సంగతి ప్రధానోపాధ్యాయుల చెవిన మర్యాదగా వేయవలసినది మీరే.

నిద్ర సంగతీ అడగండి. తెల్లవారుజామునే లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్సు పెట్టే చోట పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర ఎక్కడ? నిద్ర చాలని మెదడుకు చిన్న చీపురుపుల్ల కూడా పాములా కనిపిస్తుంది. పరీక్షల రోజుల్లో రాత్రిపూట టీ, కాఫీలు దడను పెంచుతాయి. మార్చిలో పదవ తరగతి పరీక్షలు మొదలయ్యేలోపు ప్రతి సెక్షనుకు వెళ్ళి పదిహేను నిమిషాలు ఊపిరి అభ్యాసం నేర్పండి. భయం లేనప్పుడు నేర్చుకున్నదే భయం వచ్చినప్పుడు పనికొస్తుంది.

బాలికల హాస్టళ్ళలో ఇంకొకటి చూస్తుంటాం. ప్రార్థనలో ఒక అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతుంది, ఆమెను చూసి మరో అయిదుగురు పడిపోతారు. గాలి సోకిందని, దిష్టి అని ఊరంతా గగ్గోలు. ముందుగా తిన్న తిండి, తాగిన నీరు, ఎండ దెబ్బ చూడండి, డాక్టరుకు చెప్పండి. ఏమీ లేదని తేలితే పిల్లలను వేరువేరు గదుల్లో ఉంచి, గుంపును తగ్గించి, సెల్ ఫోను వీడియోలు ఆపించండి. పెద్దలు ఎంత నిదానంగా ఉంటే అది అంత త్వరగా సద్దుమణుగుతుంది. తాయెత్తు కట్టిస్తామనే తల్లితో వాదం పెట్టుకోకండి. "మీ తృప్తి మీది. డాక్టరు దగ్గరకు మాత్రం రండమ్మా" అంటే వస్తుంది.

రహస్యం ఎంతవరకు?

పిల్ల చెప్పిన మాట స్టాఫ్ రూములో కబురు కాకూడదు. కానీ "ఎవరికీ చెప్పను" అని ఒట్టు కూడా వేయకండి. "నీకు ప్రమాదముంటే మాత్రం నీకు సహాయం చేయగలవారికి చెబుతాను, నీకు తెలిపే చెబుతాను" అనండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన విధి. ఊరుకుంటే నేరం. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

రెండు వారాలు దాటినా బడికి రాలేకపోవడం, తిండీ నిద్రా మానడం, పదేపదే దడ రావడం, చేతులు కోసుకోవడం, "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా మానసిక వైద్యునికి చూపించాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్లవుతుందనే అపోహ వద్దు. అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదు, మోస్తున్న బరువు దించుకోవడానికి చోటు దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. మందులు, పురుగుమందు, బ్లేడ్లు అందకుండా చూడండి. తల్లిదండ్రులను, ప్రధానోపాధ్యాయులను పిలిపించి ఆ రోజే ఆసుపత్రికి చేర్చండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును సిక్ రూము తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ముఖ్యంగా ఫలితాలు వచ్చే రోజున మీ ఫోను ఆపకండి.

మీరు ఒంటరివారు కారు

విశాఖపట్నంలో కోచింగు తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలనీ, సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ, మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం సాధ్యమైనంతవరకు మానాలనీ చెప్పింది. మీ యాజమాన్యానికి ఈ సంగతి గుర్తుచేయండి. కౌన్సిలరు వచ్చినా సరే, పిల్ల మొదట వచ్చేది మీ దగ్గరకే. ఎందుకంటే కౌన్సిలరు గదికి వెళ్ళాలంటే "నాకు భయంగా ఉంది" అని చెప్పాలి. మీ గదికి రావడానికి "కడుపునొప్పి" చాలు.

1902లో న్యూయార్కు నగరంలో లీనా రోజర్స్ అనే నర్సును మొదటిసారిగా బడులలో నియమించారు. గజ్జి, కంటి జబ్బులు, తలలో పేలు ఉన్నాయని అప్పట్లో పిల్లలను ఇంటికి పంపించేసేవారు. ఆమె చేసిన పని ఒక్కటే, బడిలోనే చికిత్స చేసి, ఇంటికి వెళ్ళి తల్లులకు నేర్పి, పిల్లలను తిరిగి బెంచీ మీద కూర్చోబెట్టడం. నూరేళ్ళు దాటినా మన పని మారలేదు. జబ్బు పేరు మారింది, అంతే.

ఆ ఏడవ తరగతి అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఈపాటికి ఆమె పిల్లలు కూడా బడికి వెళుతుండవచ్చు. వారిలో ఎవరైనా మంగళవారం ఉదయం కడుపు పట్టుకొని ఒక సిక్ రూము గుమ్మంలో నిలబడితే, లోపల మీలాంటి సిస్టరు ఉండాలి. బిళ్ళ ఇచ్చే ముందు "కూర్చో అమ్మా, ఏం జరిగింది?" అని అడిగే సిస్టరు, ఇరవై నిమిషాల తరువాత చెయ్యి పట్టుకొని క్లాసు దాకా నడిచే సిస్టరు.

ఇంటికి వెళ్ళాక రేపు ఉదయం ఒక్క పని చేయండి. మీ పాత రిజిష్టరు తీసి చదవండి. మీ కోసం ఎదురుచూస్తున్న పేరు అందులోనే ఉంటుంది.